తూకంలో కనబడని నష్టం

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున పాట మొదలయ్యే వేళకి బోట్లు దించిన సరుకు రెండుగా విడిపోయి ఉంటుంది. వంజరాలు, చందువాలు, పెద్ద రొయ్యలు, స్క్విడ్‌లు ట్రేలలో ఐసు కింద ఉంటాయి. వాటి చుట్టూ ఎగుమతి కంపెనీల మనుషులు, పెద్ద వ్యాపారులు. కాస్త అవతల నేలమీద పారతో ఎత్తిపోసిన మరో కుప్ప ఉంటుంది. అందులో ఏయే చేపలున్నాయో ఎవరూ పేరుపేరునా రాసుకోరు. ఎండబెట్టి, పొడి కొట్టి కోళ్ళ మేతకీ చేపల మేతకీ రొయ్యల మేతకీ పంపేస్తారు. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. పిల్లల్ని హార్బర్‌కి తీసుకెళితే ముందు ఆ రెండో కుప్ప దగ్గరే నిలబెడతాను.

ఓసారి అందులోంచి బుట్టెడు తీసి టార్పాలిన్ మీద పరిచి రకాలు విడదీయమన్నాను. వేలెడు సావళ్ళు, ఇంకా రంగు తేలని గులివిందలు, గోరంత కారలు, గొరక పిల్లలు, అరచేతిలో పట్టే టేకు పిల్ల, డెక్కలు ఊడిన పీతలు, సముద్ర నక్షత్రాలు, బంతిలా ఉబ్బి గట్టిపడిన బూర చేప. నక్షత్రాలనీ బూర చేపనీ పక్కన పెడితే చాలావరకు పెరగనిస్తే మనుషులు కొనుక్కుని తినే చేపలే. అడుగున జానెడుంబావు పాలసొర పిల్ల దొరికింది. వెల్లకిలా తిప్పి చూపించాను. ముందు రెక్కల మధ్య సన్నటి గాటు, ఇంకా పూర్తిగా మూసుకోలేదు. అది బొడ్డు.

“చేపకి బొడ్డేంటి మేడమ్?” అంది ఒకమ్మాయి. జాలరిపేట పిల్ల. సొరని కోసిన చెయ్యే గానీ ఎప్పుడూ తిప్పి చూడలేదట.

పాలసొర గుడ్లు వదిలేసి పోయే చేప కాదు. దాని పిల్లలు తల్లి కడుపులో మాయతో, బొడ్డుతాడుతో ఇంచుమించు ఏడాది పెరుగుతాయి. మామూలుగా కాన్పుకి రెండు నుంచి ఐదు. కవళ్ళలాంటి చేప ఒక్క విడతలో వేలకొద్దీ గుడ్లు వదులుతుంది. వాటిలో ఎన్నో పోయినా జాతి నిలబడుతుంది. పాలసొరకి ఆ వెసులుబాటు లేదు. పుట్టిన కొద్ది రోజులకే పిల్ల వలలో పడితే తల్లి మోసిన ఏడాది అంతా పోయినట్టే. అడుగు వల లాగే బోటుకి ఆ తేడా తెలిసే దారి లేదు. సంచిలాంటి వల నేల ఒరుసుకుంటూ పోతుంది, నోటికి వచ్చిందల్లా లోపలికి తోస్తుంది.

మా ఉత్తరాంధ్ర తీరంలో బాలింతకి పాలసొర పెట్టాలంటారు. ఉడికించి, తోలు ఒలిచి, ముల్లు ఏరి, పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి దట్టించి పిట్టు చేస్తారు. నేను భీమిలి దగ్గర పల్లెలో పుట్టాను. మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి చేపలమ్మింది. చెల్లెలి పురుడికి అమ్మ ఒడ్డుకి పోయి చేతి పొడవున్న పాలసొరలు ఏరుకుని తెచ్చింది. నా కూతురు పురుడికి నేను వెతికితే పిల్ల సొరలే దొరికాయి. పిట్టు చేశాం, తిన్నాం. కానీ కత్తిపీట ముందు కూర్చుని ఆ బొడ్డు గాట్లు చూస్తూ కోయడం నాకు కష్టమైంది.

1970 నుంచి నడిసముద్రపు సొరలు, టేకులు ప్రపంచమంతటా 71 శాతం తగ్గాయని 2021లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. పాలసొర ఒడ్డుకి దగ్గర్లో బతికే చేప కాబట్టి ఆ లెక్కలోది కాదు. కానీ ఒడ్డువీ లోతువీ కలిపి చూసినా సొర, టేకు జాతుల్లో మూడో వంతుకి పైగా అంతరించే ముప్పులో ఉన్నాయని అదే ఏడాది మరో అంచనా తేల్చింది.

ఇంత పోతున్నా మార్కెట్లో చేప దొరుకుతూనే ఉంది కదా అని చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. జీవవైవిధ్యం తగ్గిందంటే సముద్రం ఖాళీ అయిందని కాదు. టన్నులు నిలకడగానే ఉండొచ్చు, ఆ టన్నుల్లో ఏమున్నాయన్నది మారిపోతుంది. ముందు పెద్ద చేప, నిదానంగా పెరిగే చేప పోతుంది. వల దాని కింది మెట్టుకి దిగుతుంది. అదీ పలచబడితే ఇంకో మెట్టు. డేనియల్ పౌలీ అనే మత్స్య శాస్త్రవేత్త 1998లో తన సహచరులతో కలిసి ప్రపంచపు చేపల లెక్కలు తిరగేసి ఈ మెట్లు దిగడాన్ని చూపించాడు. తూకం రాసే పుస్తకంలో ఇది కనబడదు. కిలో వంజరమైనా కిలో కవళ్ళయినా అక్కడ కిలోనే.

మన తీరంలోనే చూడండి. నూనె కవళ్ళు ఒకప్పుడు ముఖ్యంగా కేరళ, కర్ణాటక తీరాల చేప. 1980ల చివర్నుంచి తమిళనాడు, ఆంధ్ర తీరాల్లోనూ పెద్ద ఎత్తున పడడం మొదలైంది. మొత్తం దిగుబడి అంకె పెరిగి కనబడడానికి ఇలాంటి ఒక్క చేప చాలు. ఆ అంకెని నమ్ముకుంటే ఏమవుతుందో కేరళ చూసింది. 2012లో అక్కడ దాదాపు 3.9 లక్షల టన్నుల మత్తి పడింది. మత్తి అంటే మన కవళ్ళే. 2021లో పడింది 3,297 టన్నులు. ఎల్ నినో, వేడెక్కిన నీళ్ళు, పిల్ల చేపల్ని కూడా ఊడ్చేసిన వలలు, అన్నీ కలిశాయి. కవళ్ళు సహజంగానే ఓ ఏడు పొంగుతాయి, ఓ ఏడు అడుగంటుతాయి. పక్కన వేరే రకాలు దండిగా ఉంటే మత్స్యకారుడు వల మార్చుకుని ఆ ఏడు గట్టెక్కుతాడు. రకాలు పోయిన సముద్రంలో మార్చుకోడానికి వల ఉంటుంది, దానికి తగిన చేప ఉండదు. జీవవైవిధ్యం మనిషికి ఎందుకంటే నేను క్లాసులో మొదట చెప్పేది ఇదే.

బంగాళాఖాతానికి ఈ విషయంలో అదనపు ఇబ్బంది ఒకటుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ ఇంత మంచినీరు తెచ్చి పోయడంతో అది తేలికై పైన పొరగా నిలబడుతుంది. అడుగున ఉన్న పోషకాలు ఆ పొర దాటి అంత సులువుగా పైకి రాలేవు. పైన ఎండ ఉంటుంది, అడుగున ఎరువు ఉంటుంది, రెండూ కలిస్తేనే కంటికి కనబడని నీటి మొక్కలు పెరుగుతాయి, వాటి మీదే మిగతా బతుకంతా. గాలి ఒడ్డు వెంట అనుకూలంగా వీచినప్పుడు అడుగు నీరు పైకి వస్తుంది. విశాఖ దగ్గర దాన్ని 1950లలో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడి విద్యార్థులతో కలిసి కొలిచారు. పై నీరు వేడెక్కే కొద్దీ ఆ పొర ఇంకా గట్టిపడుతుంది. కొంత లోతుకి వెళితే ఆక్సిజన్ కూడా చాలా తక్కువ. అంటే అరేబియా సముద్రంతో పోలిస్తే మనది మొదట్నుంచీ ఇవ్వగలిగింది తక్కువే. అక్కడికి సరిపోయిన బోట్లు, వలలు ఇక్కడా అంతే సరిపోతాయనుకోవడం పొరపాటు.

మా అమ్మకి ఇప్పుడు 80 దాటాయి. వలలో రంపపు ముక్కున్న చేప పడితే వల చిరిగిపోతుందని మగవాళ్ళు తిట్టుకునేవారట. “ఆ ముక్కు కోసుకొచ్చి గోడకి కట్టుకునీవోరు. మీ తాతింటికాడా ఉండీది. నువ్వు సూడనేదేటే?” అని అడిగింది. చూడలేదు. ఆ చేపని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు, అప్పటికే అది చాలావరకు పోయింది. నా విద్యార్థులకి అలాంటి చేప మన నీళ్ళలో ఉండేదన్న సంగతే తెలియదు. నాకు చేతి పొడవు పాలసొర మామూలు, వాళ్ళకి జానెడు సొర మామూలు. ఎవరి చిన్నతనంలో చూసిన సముద్రం వాళ్ళకి అసలైన సముద్రం. పౌలీ 1995లో రాసింది సరిగ్గా దీన్ని గురించే: తరం మారినప్పుడల్లా కొలత మొదలుపెట్టే గీత కిందికి జరిగిపోతుంది, ఎంత పోయిందో లెక్క చూసేవాళ్ళే ఉండరు. ప్రపంచంలో లెక్కకి అందే చేపల నిల్వల్లో హద్దు మీరి పట్టేస్తున్నవి 1974లో నూటికి 10. ఇప్పుడు మూడో వంతుకి మించాయని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చెబుతోంది.

ఒక్క జాతి పోతే మిగతావాటికి ఏమవుతుందో చూపించిన ప్రయోగం అమెరికా పడమటి తీరంలో 1960లలో జరిగింది. రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త ఒక రాతి ఒడ్డున కొంత మేర సముద్ర నక్షత్రాల్ని ఏరి అవతలికి విసిరేస్తూ వచ్చాడు. అవి తినే ఆలిచిప్పలు అడ్డూ ఆపూ లేకుండా రాయంతా ఆక్రమించాయి. 15 రకాల జీవులున్న చోట 8 మిగిలాయి. హార్బర్ కుప్పలో మన పిల్లలు పక్కకి నెట్టేసిన సముద్ర నక్షత్రాల దగ్గర నిలబడి నేనీ సంగతి చెబుతాను. మన నీళ్ళలో ఏ నక్షత్రం ఏ పని చేస్తోందో ఆ స్థాయిలో ఇంకా ఎవరూ ప్రయోగం చేసి చూడలేదు. చూడకుండానే పొడి కొట్టేస్తున్నాం.

శీతకాలంలో రుషికొండ నుంచి భీమిలి దాకా ఇసుక వెంట నడిచేవాళ్ళకి చచ్చిన తాబేళ్ళు ఎదురవుతుంటాయి. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి చేరే ఆలివ్ రిడ్లీలు. తాబేలు నీళ్ళలో బతుకుతుంది గానీ గాలి పీల్చాలి. గంటల తరబడి లాగే అడుగు వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. వల మెడలో వంపుగా ఇనుప చువ్వల జాలీ పెట్టి పైన దారి వదిలితే రొయ్యలు చువ్వల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు జాలీకి తగిలి బయటికి జారిపోతుంది. మన కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకి తగ్గట్టు దాన్ని తయారుచేసింది కూడా. బోట్ల వాళ్ళలో చాలామంది పెట్టుకోరు, చేప కూడా పోతుందని భయం. ఆ భయం వల్ల ఇంకా పెద్ద బేరం పోయింది. తాబేళ్ళకి రక్షణ లేదన్న కారణంతో 2019 నుంచి భారత సముద్రపు రొయ్యని అమెరికా కొనడం మానేసింది. చెరువు రొయ్యకి ఆ నిషేధం లేదు. సముద్రపు రొయ్య ధర పడితే ముందు తగ్గేది బోటు ఓనరు లాభం కాదు, కళాసీల వాటా, తలలు తీసే ఆడవాళ్ళ కూలి.

చెరువు రొయ్య దగ్గర కాసేపు ఆగాలి. దేశంలో సాగు రొయ్యలో సింహభాగం ఆంధ్రదే. 2009లో వనామీ రకం వచ్చాక గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు నిలదొక్కుకున్నాయి, దాన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యను. కానీ ఆ రొయ్య మేతలో చేప పొడి ఉంటుంది. హార్బర్‌లో రెండో కుప్పకి ధర పుట్టించేవాటిలో అదొకటి. ఒకప్పుడు వద్దని నీళ్ళలో పారేసిన పిల్ల చేప ఇప్పుడు డీజిలు ఖర్చులో కొంత తీరుస్తుంది. ఇక వల కన్ను పెద్దది చెయ్యమంటే ఏ ఓనరు ఒప్పుకుంటాడు? పిల్ల చేపల్ని కాపాడే మాట రొయ్యల మేత ఫ్యాక్టరీ దగ్గరే మొదలవ్వాలని నా గట్టి నమ్మకం. ఏ చేప పొడి వాడారో, అది ఎంత సైజు చేపో చెప్పకుండా మేత అమ్మే వీలు ఉండకూడదు.

ఇదే కుప్పలో నెత్తళ్ళు, కారలు, చిన్న కవళ్ళు కూడా పడతాయి. ఇవి పేదింటి చేపలు. ముల్లుతో సహా నమిలేస్తారు కాబట్టి కాల్షియం, ఇనుము, విటమిన్ ఎ పిల్లలకి నేరుగా అందుతాయి; వంజరం ముక్కలో ఇన్ని కలిసి దొరకవు. మా అమ్మ సొమ్ములన్నీ ఈ చేపల మీద చేసుకున్నవే. ఒడ్డున కొని, ఇసుకలో ఎండబెట్టి, పాడేరు వైపు సంతలకి మోసుకెళ్ళి అమ్మేవారు ఆమె, ఆమె తోటివాళ్ళు. కొండల్లో వానాకాలం కూర అంటే ఎండు నెత్తళ్ళే. ఇప్పుడు అదే చేపకి లారీ వచ్చి టోకున తూకం వేసుకుపోతుంటే గంప పట్టుకున్న ఆడమనిషి పోటీ పడలేదు. సముద్రంలో రకాలు తగ్గిన దెబ్బ సముద్రాన్ని ఎన్నడూ చూడని గిరిజన పిల్లల కంచం దాకా పోతుంది.

మగవాళ్ళ సంగతి శ్రీకాకుళం తీరం చెబుతుంది. ఊళ్ళకి ఊళ్ళు గుజరాత్‌లోని వెరావల్‌కి వలస పోయి అక్కడి బోట్లలో కళాసీలుగా చేస్తున్నాయి. 2018లో అలా వెళ్ళినవాళ్ళు కొందరు పాకిస్తాన్ గస్తీకి చిక్కారు. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో విడుదలై వాఘా మీదుగా ఇంటికొచ్చారు. దాని మీద సినిమా కూడా వచ్చింది. వలసకి జెట్టీలు లేకపోవడం, అప్పులు, మంచి జీతం, చాలా కారణాలున్నాయి. ఇంటి ముందున్న నీళ్ళలో నాటు పడవకి గిట్టుబాటయ్యే చేప పడకపోవడం వాటిలో ఒకటి. ఉన్న చేప కోసం ఉన్నవాళ్ళే కొట్టుకోవడం మరొకటి. 2022 జనవరిలో విశాఖలో రింగు వలలు వేసేవాళ్ళకీ అవి వద్దనేవాళ్ళకీ మధ్య గొడవ పడవలు తగలబెట్టుకునేదాకా పోయింది. రెండు వైపులా మత్స్యకారులే.

గోదావరి వైపు దెబ్బ ఇంకో రూపంలో ఉంది. కాకినాడ పక్కన కోరింగ అభయారణ్యంలో 235 చదరపు కిలోమీటర్ల మేర మడ అడవి, కాలువలు, బురద నేల. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్ల వేళ్ళ మధ్య వేలెడు నీళ్ళలో చూస్తే కదిలేవన్నీ పిల్లలే: రొయ్య పిల్లలు, పండుగప్ప పిల్లలు, పీతలు. టైగర్ రొయ్య నడిసముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు పోటు నీటితో పాటు ఈ కాలువల్లోకి చేరి పెరిగి మళ్ళీ సముద్రంలోకి పోతాయి. మడ కొట్టేస్తే ఆ జాతి పెరిగే చోటే పోతుంది, బోటు ఎంత దూరం వెళ్ళినా లాభం లేదు. మనుషుల ప్రాణాలకీ మడకీ ఉన్న సంబంధాన్ని ఒడిశాలో లెక్కగట్టారు. 1999 సూపర్ సైక్లోన్‌లో కేంద్రపడా జిల్లా ఊళ్ళను పోల్చి, సముద్రానికీ ఊరికీ మధ్య మడ వెడల్పుగా ఉన్నచోట చావులు తక్కువని సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో చూపించారు. ఎగువ ఆనకట్టలు ఒండ్రును ఆపేయడంతో గోదావరి డెల్టా తీరం కోసుకుపోతోంది, ఉప్పాడలో ఇళ్ళు కడలిలో కలుస్తున్నాయి. పులస సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయను. సముద్రం నుంచి నదికి ఎదురీదే ఆ చేపకి ధవళేశ్వరం దగ్గర దారి మూసుకుపోతుంది.

నిబంధనలు లేవని కాదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మన రాష్ట్రంలో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు నాటు పడవలకే హక్కు, మర బోట్లు రాకూడదు. చట్టం 1994 నుంచి ఉంది. రాత్రి వేళ ఆ 8 కిలోమీటర్ల గీత లోపల వెలిగే దీపాలు ఏ బోట్లవో జాలరిపేటలో ఎవర్నడిగినా చెబుతారు. నిషేధం వల్ల పుట్టిన పిల్ల చేప జూన్ 15 తర్వాత చిన్న కన్ను వలలో పడిపోతే ఆ 61 రోజులు పస్తులున్న కుటుంబాల త్యాగం మేత పొడిలో కలిసిపోతుంది. కేరళ ఇంతకన్నా ఒక అడుగు ముందుకేసింది. ఏ చేప ఎంత పొడవు పెరిగాక పట్టాలో 2015 నుంచి విడతలుగా 58 రకాలకి నిర్ణయించింది, దాని కన్నా చిన్నది దించితే బోటుకి జరిమానా. మన హార్బర్లలో అలాంటిది ఈ ఏడే మొదలుపెట్టొచ్చు. తనిఖీ సముద్రంలో అక్కర్లేదు, ఆ రెండో కుప్ప దగ్గర ఒక మనిషీ ఒక స్కేలూ చాలు. జరిమానా మాత్రం కళాసీల వాటాలోంచి కాకుండా ఓనరు దగ్గర్నుంచే వసూలు కావాలి, లేకపోతే ఈ నిబంధనని మత్స్యకారులు ఎప్పటికీ తమదనుకోరు.

నా విద్యార్థులు మరో పని చేస్తున్నారు. భీమిలి, జాలరిపేట, పూడిమడకలలో 60 దాటినవాళ్ళ దగ్గర కూర్చుని చేపల పేర్లు రాసుకొస్తున్నారు. ఒక్కో పేరుకీ నాలుగు గడులు: చివరిసారి ఎప్పుడు చూశారు, ఏ వలలో పడింది, ఒడ్డుకి ఎంత దూరంలో, ఎంత పొడవు. మొగవాళ్ళని అడిగితే పెద్ద చేపల పేర్లే చెబుతున్నారు. కుప్పలో పోయే చిన్న రకాల పేర్లు ఎండబెట్టి అమ్మిన ఆడవాళ్ళకే బాగా తెలుసు. అందుకే ఆడవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళమని చెప్పాను. మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటివాళ్ళుంటే మీరూ రాసిపెట్టండి. పొడవు జానలలో చెప్పినా, మూరలలో చెప్పినా ఫరవాలేదు, చెప్పినట్టే రాయండి. సెంటీమీటర్లలోకి మేం మార్చుకుంటాం.